ఇత్తడి సామికి కండ్లు

ఆగండాగండి! చేతిలో నీళ్ల గ్లాసు ఉంటే ముందు దాన్ని కింద పెట్టండి. తాగొద్దనడం లేదు, తర్వాత తాగుదురు గానీ, ముందు ఇది వినండి. ఎందుకంటే ఈ కథంతా ఒక గ్లాసు నీళ్ల గురించే. కాదు కాదు, ఆ నీళ్లలో ఉన్న పురుగు గురించి. అబ్బే, ఆ పురుగు వెంటపడిన దొర గురించి. సరే, దొర దగ్గరే మొదలుపెడతాను.

ఆయన పేరు థియొడోర్ విన్‌స్లేడ్. విక్టోరియా రాణి గద్దె మీద ఉండగా లండన్‌లో సర్జన్ చదువు చదివి, అప్పుడే ఓడెక్కి వచ్చి, కోసిగికి ఆమడ దూరంలో ఉన్న తొగటపల్లె మిషన్ ఆసుపత్రిలో దిగాడు. అంతే, ఇక కదల్లేదు. రాణి పోయింది, రాణి కొడుకు రాజయ్యాడు, దొర మాత్రం ఆ రాణి కాలంలోనే ఉండిపోయాడు. కోసిగి ఎండలో కూడా మోకాళ్ల దాకా నల్లకోటు. రెండు చెంపల మీదా గుబురు గడ్డం, మధ్యలో చుబుకం మాత్రం నున్నగా, బోడి గుట్టలాగా. అందుకే ఊరంతా ఆయన్ని "చెంపగడ్డాల దొర" అనేది. చూడ్డానికి అంత దొరా, నోరు తెరిస్తే మాత్రం కోసిగి సంతలో పుట్టినట్టే. "ఏమప్పా, కాలు యాడ నొస్తాంది? ఈడనా? అల్లాడద్దు, గమ్మునుండు!"

ఆ ఊరు సాలెవాళ్ల ఊరు. ఏ సందులోకి వెళ్లినా టకటకమని మగ్గాల చప్పుడే. గుంట మగ్గాలు. నేలలో గుంత తవ్వి, నేసేవాళ్లు అంచున కూర్చుని, కాళ్లు గుంతలోకి దించి, అడుగున ఉన్న పలకలు తొక్కుతూ నేస్తారు. అంటే చేతులెంత ముఖ్యమో కాళ్లూ అంతే ముఖ్యం. సరిగ్గా ఆ కాళ్లకే వచ్చేది నారిపురుగు! ఎండాకాలం వచ్చిందంటే చాలు, చీలమండ దగ్గర బొబ్బ లేస్తుంది, మంటెత్తిపోతుంది, బొబ్బ పగిలి అందులోంచి తెల్లటి నూలు పోగులాంటి పురుగు తల బయటపెడుతుంది. దాన్ని లాగేస్తే తెగుతుంది, తెగితే కాలు వాచిపోతుంది. అందుకని ఒక పుల్లకు చుట్టి, రోజుకు కాస్త కాస్త, ఓపిగ్గా తీయాలి. ఊరి మంగలీ అలాగే తీసేవాడు, లండన్ సర్జనూ అలాగే తీసేవాడు. అది తేలేదాకా మగ్గం ఎక్కడిదక్కడ ఆగిపోవాల్సిందే. బాగా ఎండలు ముదిరాక ఊళ్లో సగం మగ్గాలు మూగబోయేవి.

దొరకు అదే పట్టుకుంది. తీయడం సరే, అసలు లోపలికి ఎలా పోతోంది? నీళ్లలోనే ఉందని ఆయన అనుమానం. ఊరంతా తాగేది ఒకే ఒక్క దిగుడుబావి నీళ్లు. ఆడవాళ్లు మెట్లు దిగి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి కడవలు ముంచుతారు. పుండు కాలుతో దిగేవాళ్లూ అందులోనే దిగుతారు. ఆ నీళ్లలో ఆవగింజలో ఆవగింజంత ఒంటికన్ను పురుగు ఒకటి ఎగురుతూ ఉంటుంది. పుండులోంచి రాలిన నారిపురుగు పిల్ల ఆ ఒంటికన్నుదాని కడుపులో దాక్కుని, తాగినవాడి కడుపులోకి చేరి, ఏడాది పెరిగి, కాల్లోంచి బయటికి వస్తోందని ఆయన లెక్క. ఈ మాట ఎక్కడెక్కడో పెద్ద డాక్టర్లు ముందే అన్నారు, కానీ తన ఊరి బావిలో, తన కళ్లతో చూసి, రుజువు చేస్తే గానీ ఈ ఊరు వినదని ఆయనకు తెలుసు. చూద్దామంటే ఆయన దగ్గరున్న సూక్ష్మదర్శిని ఆయనకన్నా ముసలిది. కోసిగి గాలిదుమ్ముకు దాని కటకం గీతలు పడిపోయింది. ఒంటికన్ను పురుగు కనిపించేది, దాని కడుపులో ఏముందో చూడబోతే మాత్రం అంతా పొగమంచే. లండన్ నుంచి కొత్త కటకాలు రావాలి. అందుకు దుడ్లు కావాలి!

దొర అడగని గడప లేదు. మద్రాసులో మిషన్ సెక్రటరీ లాంగ్‌మోర్ దొరకు రాస్తే, వైద్యానికీ వాక్యానికీ డబ్బుంది గానీ పురుగులను చూస్తూ కూర్చోవడానికి లేదని జవాబొచ్చింది. జిల్లా కచేరీకి పోతే వచ్చే ఏడు చూద్దామన్నారు, ఆ వచ్చే ఏడు ఎప్పుడూ వచ్చే ఏడే. ఆఖరికి గొలుసు గడియారం అమ్మి గాజు సీసాలు కొన్నాడు. అప్పట్నుంచీ టైమెంతయిందని ఎవరైనా అడిగితే ఎండకేసి చూసి చెప్పేవాడు.

అప్పుడొచ్చింది ఆయనకు బ్రహ్మాండమైన ఆలోచన. మ్యాజిక్ లాంతరు! గాజు పలక మీద బొమ్మ గీసి వెనక దీపం పెడితే గోడంత బొమ్మ పడుతుందే, అది. చలికాలం చివర్లో, పొద్దు గుంకగానే, చందాల కోసం ఆసుపత్రి ముందు ఆట పెట్టాడు. తెరకు గుడ్డ ఇచ్చింది సుబ్బక్క. సుబ్బక్క అంటే, మొగుడు పోయాక తనే గుంటలో దిగి మగ్గం నేసి సంసారం లాగుతున్న మనిషి, నోరు మగ్గంలో పోగుతో పరిగెత్తే నాడె కంటే వేగం. ముందు కుర్చీలో సావుకారు పెద్ద ఈరన్న, దూది వ్యాపారి, తలపాగా సర్దుకుని కూర్చున్నాడు. ఆయన మీదే దొర ఆశంతా.

మొదట ఓడ బొమ్మ పడింది, చప్పట్లు. తర్వాత రాణి బొమ్మ, ఇంకా చప్పట్లు. మూడోది ఒంటికన్ను పురుగు. తెర నిండా! కొమ్ముల్లాంటి మీసాలు, నడినెత్తిన ఒకే ఒక్క కన్ను, ఎనుమంత ఒళ్లు. పిల్లలు కెవ్వుమన్నారు. వెనక ఎవరిదో కోడి కూడా అరిచింది.

"ఇది యాడుంటాది దొరా?" అన్నాడు ఈరన్న, కుర్చీ కొంచెం వెనక్కి జరిపి.

"యాడో కాదప్పా, మీ తాత తవ్విచ్చిన బాయిలోనే ఉండాది!" అన్నాడు దొర సంతోషంగా.

పాపం దొరకు వైద్యం వచ్చుగానీ దుడ్లడగడం రాదు.

ఈరన్న లేచాడు. "మా తాత పుణ్యానికి తవ్విచ్చిన బాయిలో ఎనుమంత దెయ్యముండాదంటావా? దాన్ని ఇంగా పెద్దగా సూసేకి నన్నే దుడ్లడుగుతాండావా? బలే దొరవప్పా!"

జనం పడీపడీ నవ్వారు. సావుకారు వెళ్లిపోయాడు, ఆయన వెంట ఆదోని నుంచి వచ్చిన వ్యాపారులూ వెళ్లిపోయారు. చందాకు పెట్టిన పళ్లెం పెట్టినట్టే ఉంది. దొర దీపం ఆర్పేసి, మెట్ల మీద కూలబడ్డాడు.

తెర విప్పుకుంటూ సుబ్బక్క మాత్రం అడిగింది: "దొరా, బొమ్మ సరే. అసలుదాన్ని సూపిస్తావా?"

తెల్లారగానే బావి నీళ్లు చెంబుతో తెచ్చింది. దొర ఒక బొట్టు తీసి గాజు మీద వేసి, ఇత్తడి గొట్టం కింద పెట్టి, "ఒక కన్ను మూసి సూడు" అన్నాడు. సుబ్బక్క వంగి చూసింది. అక్కడ, వెలుతురు చుట్టలో, ఒంటికన్నుది టిక్కుటిక్కుమని ఎగురుతోంది! సుబ్బక్క నోట మాట లేదు. పక్కన మందులు కలుపుతున్న కాంపౌండర్ జ్ఞానరాజు ఆశ్చర్యంగా తలెత్తి చూశాడు, ఎందుకంటే సుబ్బక్క మాట్లాడకుండా ఉండడం ఆయన అంతవరకూ చూడలేదు.

ఆమె గబగబా ఇంటికి వెళ్లి తిరిగొచ్చింది. చేతిలో పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన గుడ్డముక్క, అందులో ఒక నాణెం. దాన్ని మూటకట్టి, సూక్ష్మదర్శిని మెడకు ముడివేసి, చేతులు జోడించింది. "సామీ, నా కాలు నాకుంచు. మొక్కు తీరితే నీ ముడుపు నీకు చెల్లిస్తా."

జ్ఞానరాజు చేతిలో సీసా జారిపోబోయింది. ఆయనది తాతల నాటి నుంచీ మిషన్ కుటుంబం, ఆదివారం గుళ్లో వాక్యం చదివేది ఆయనే. "ఏం పని ఇది సుబ్బక్కా! మిషన్ ఆసుపత్రిలో విగ్రహారాధనా? దొరా, సూస్తా ఉండారే!"

"సుబ్బక్కా, ఇది సామి కాదు," అన్నాడు దొర మెల్లగా. "ఇత్తడి, గాజు. అంతే."

"మా చౌడమ్మ తల్లీ రాయేనని మాకు తెల్దా దొరా? కనపడనిదాన్ని కనపడిచ్చింది. ఇంగేం కావల్ల?"

దొర ఆ మూటను పక్కకు జరిపి మళ్లీ గొట్టంలోకి వంగాడు.

మర్నాడు ఆమె ఇద్దరు చెల్లెళ్లూ వచ్చారు. ఆ తర్వాత వాళ్ల సందు, ఆ తర్వాత పై సందు. ఒక్కొక్కరూ ఒంటికన్నుదాన్ని చూడడం, అదిరిపోవడం, ముడుపు కట్టడం. వారం తిరిగేసరికి సూక్ష్మదర్శిని పసుపు పూల పొదలా తయారైంది. దొర దాన్ని వాడాలంటే మూటలను రెండు చేతులా పక్కకు నెట్టి, మధ్యలో ముక్కు దూర్చాల్సి వచ్చేది. తమాషా ఏమిటంటే, కొత్త కటకాలకు కావలసిన డబ్బంతా ఆయన ముక్కు ముందే వేలాడుతోంది! ముట్టుకోవడానికి లేదు. మొక్కు తీరకముందు ముడుపు విప్పకూడదు. విప్పితే కట్టినవాళ్లకన్నా విప్పినవాళ్లకే చేటు. తిరిగిచ్చేద్దామా అంటే, పుచ్చుకునేవాళ్లు లేరు.

"అది పాపపు దుడ్లు దొరా, సూడద్దండి," అనేవాడు జ్ఞానరాజు.

"సూడకుండా యెట్లప్పా? సూద్దామని ముక్కు పెడితే అదే అడ్డమొస్తాంది!"

ఆ గొడవలోనే సుబ్బక్క మళ్లీ వచ్చింది, నడుం మీద చేతులు పెట్టుకుని. "దొరా, ముడుపైతే కట్టినాం. నియమమేందో చెప్పలేదే? ఉరుకుంద ఈరన్న సామికి మొక్కుకుంటే ఇన్నాళ్లు నీసు ముట్టకూడదని ఉంటాది. చౌడమ్మకు ఇంకోటి. నియమం లేని మొక్కు యాడన్నా ఉంటాదా? ఈ సామికి ఏం నియమం?"

"నియమమేం లేదు తల్లీ, ఇది సామే కా..." అని దొర ఆగిపోయాడు. నోరు అలాగే తెరుచుకుని ఉంది. చెంపగడ్డాలు రెండూ వణికాయి. తర్వాత ఆ ముసలాయన కుర్చీలోంచి ఒక్క గెంతు గెంతాడు! "ఉండాది! నియమం ఉండాది సుబ్బక్కా! వడగట్టని నీళ్లు గొంతు దిగకూడదు! నువ్వు నేసిన గుడ్డే, సన్న నేతది, మడతేసి కడవ మూతికి కట్టల్ల. ఆ గుడ్డలోంచి దిగిన నీళ్లే తాగల్ల."

"సుట్టాలింటికి పోతే?"

"గుడ్డ ఎంట తీసుకపో."

"పెండ్లిలో?"

"పెండ్లిలో కూడా."

"చావింట్లో?"

"ఆడ కూడా."

"మరి కల్లు?" అని వెనక నుంచి ఎవరో మగగొంతు.

దొర దగ్గాడు. "కల్లు సంగతి జ్ఞానరాజునడుగు."

అబద్ధం మాత్రం ఆడలేదాయన. అందరినీ పిలిచి వాళ్ల ముందే నీళ్లు వడగట్టాడు. గుడ్డ మీద చిక్కినదాన్ని గొట్టం కింద పెట్టాడు, ఒంటికన్నులు గిలగిలా. కడవలో దిగిన నీళ్లు పెట్టాడు, ఏమీ లేదు. "సూసినారా? ఇందులో మాయ లేదు, మంత్రం లేదు. గుడ్డ పట్టుకుంటాది, అంతే. ఇంకోమాట. ఈ ఎండకాలం ఎవరికైనా పురుగొస్తే, అది పోయినేడు మింగింది. దానికి పూచీ లేదు. పై ఎండకాలం సూడండి." అందరూ బుద్ధిగా తలలూపారు. "సామి నియమం," అని ఒకరికొకరు చెప్పుకుంటూ వెళ్లిపోయారు. దొర తల పట్టుకున్నాడు గానీ లోపల మనసు ఎగిరి గంతులేస్తోంది. ఆలోచించండి! ఒకే ఊరు, ఒకే బావి, ముడుపు కట్టి వడగట్టి తాగేవాళ్లు ఒక వైపు, కట్టనివాళ్లు ఇంకో వైపు. కటకం లేకుండానే రుజువు దొరకబోతోంది. అందరూ నియమం నిలబెట్టుకుంటే చాలు!

మరి కట్టనివాళ్లు ఎవరంటారా? సావుకారు ఇల్లు. ఇంకా, జ్ఞానరాజు.

జ్ఞానరాజుకు తెలియక కాదు, దొర చెప్పింది ముందు విన్నది ఆయనే. కానీ వడగట్టడం ఎప్పుడైతే ముడుపు నియమమైందో, ఇక ఆయన చేయడు. దొర బతిమాలాడు, కోప్పడ్డాడు. "వద్దు దొరా. దేవుడిచ్చిన నీళ్లు దేవుడిచ్చినట్లే తాగుతా." రోజూ పొద్దున్నే అందరూ చూస్తుండగా మెట్లు దిగి, దోసిలి పట్టి, గటగటా తాగి, తుండుతో మూతి తుడుచుకుని వచ్చేవాడు. ఇంట్లో ఆయన భార్య రత్నమణి మాత్రం పిల్లలకు వడగట్టే పోసేది, అదీ ఆయన గుడికి వేసుకుపోయే ఉత్తరీయంతో! "ఏమ్మే, నువ్వు కూడానా?" అంటే, "నాది మొక్కు కాదు. నీళ్లలో నలక పడింది, తీస్తాండా," అనేది ఏమీ ఎరగనట్టు.

ఒకరోజు జ్ఞానరాజు దొర ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. "దొరా, ఈడ జరుగుతాండేదంతా మద్రాసుకు రాసేసినా. మీకు చెప్పకుండా ఉండేది తప్పని చెప్తాండా."

"మంచి పని చేసినావు," అన్నాడు దొర. "మన సీసాల సంగతి కూడా రాసింటే బాగుండు, ఇంకొన్ని కావల్ల."

ఆ ఎండాకాలం కష్టంగానే గడిచింది. ముందే చెప్పినట్టు కొందరికి పురుగు వచ్చింది. "ఏం సామీ, ఏం మొక్కు!" అని సావుకారు అరుగు మీద నవ్వులు. సుబ్బక్క ఊరుకుంటుందా? "పోయినేడు మింగినదానికి ఈ యేడు మొక్కితే యెట్ల పోతాది సావుకారప్పా? పోయినేడు కొన్న దూదికి ఈ యేటి రేటు ఇస్తావా నువ్వు?" వానలు పడ్డాయి, పోయాయి, చలి వచ్చింది, పోయింది. దొరకు మాత్రం తిండి సయించడం లేదు. పై ఎండాకాలం పురుగు వస్తే సామీ పోతాడు, గుడ్డా పోతుంది, ఇక ఎవరూ తన మాట వినరు. రాకపోతే...

ఆ ఎండాకాలం రానే వచ్చింది. దొర రోజూ వరండాలో నిలబడి చెవులు రిక్కించేవాడు. మామూలుగా అయితే ఎండ ముదిరేకొద్దీ మగ్గాల చప్పుడు పలచబడాలి కదా! ఈసారి పలచబడలేదు. టకటకా టకటకా, మిట్టమధ్యాహ్నం కూడా, ప్రతి సందులోంచీ. ముసలాయన నల్లకోటు చేతులతో కళ్లు తుడుచుకున్నాడు.

ఒక పొద్దున జ్ఞానరాజు పనికి రాలేదు. రత్నమణి వచ్చింది. "కాలికి బొబ్బ లేసింది దొరా," అంది. ఆమె ముఖంలో దిగులెంత ఉందో, 'నేను చెప్పలా' అన్నది కూడా అంతే ఉంది. దొర పుల్ల తీసుకుని పరిగెత్తాడు. మంచం మీద జ్ఞానరాజు, చీలమండలోంచి తెల్లటి పోగు.

"జ్ఞానరాజూ, మిషన్‌కు నువ్వు చేసిన సేవ ఒకెత్తప్పా, పురుగు శాస్త్రానికి చేసిన సేవ ఇంకొకెత్తు!"

"ఎక్కిరిస్తాండారా దొరా?"

"నిజ్జం చెప్తాండా. కదలద్దు."

సరే, అసలు రోజుకు వద్దాం. మొక్కు తీరింది కాబట్టి ముడుపులు చెల్లించాలని సాలెవాళ్లంతా తప్పెట్లతో, కొత్త చీరలతో, పొద్దున్నే ఆసుపత్రికి బయల్దేరారు. సరిగ్గా అదే పొద్దున కోసిగి స్టేషన్లో రైలు దిగి, ఎడ్లబండిలో ఒళ్లంతా దుమ్ముతో వచ్చి దిగాడు మద్రాసు నుంచి లాంగ్‌మోర్ దొర, మిషన్ సెక్రటరీ! ఏడాది ఆలస్యంగానైనా జ్ఞానరాజు ఉత్తరం పనిచేసింది మరి. కాలికి పుల్లతో కుంటుకుంటూ జ్ఞానరాజే ఎదురెళ్లి, మర్యాదగా గ్లాసుతో నీళ్లిచ్చాడు. బావి నీళ్లు, దేవుడిచ్చినట్లే. సెక్రటరీ ఒక్క గుక్కలో తాగేశాడు. ఇంకోటి అడిగాడు, అదీ తాగాడు. మూడో గ్లాసు చేత్తో పట్టుకుని లోపలికి అడుగుపెట్టాడు. ఆయన తెలుగు మద్రాసులో పండితుడి దగ్గర నేర్చిన తెలుగు.

"డాక్టరు గారూ! ఈ యిత్తడి యంత్రమునకు ఈ గుడ్డముక్కలు యేల?"

"ముడుపులు బ్రదర్. ఈ పొద్దు విప్పుతాండారు. కొత్త కటకాలకు సరిపోతాయి!"

"ఈ ద్రవ్యమును మిషన్ అంగీకరింపజాలదు. ఎవరిది వారికి ఇచ్చివేయుడు. ఈ గదికి తాళము వేయుడు."

తప్పెట్లు ఆగిపోయాయి. "వాపసా? సామికిచ్చింది వాపసు తీసుకునేదా?" అని గోల. సుబ్బక్క ముందుకొచ్చింది. "ఉండప్పా, ముందు ఇది తేలనీ. దొరా, కొత్త కటకాలంటాండావే, అంటే కొత్త యంత్రమా? సామి దుడ్లతో ఇంకో సామిని తెచ్చి, మా సామిని మూలకు తోస్తావా? మేమొప్పం! మండపం కట్టిస్తాం, గంట కట్టిస్తాం."

పాపం చెంపగడ్డాల దొర! ఒక పక్క మిషన్ తీసుకోనంటుంది, ఇంకో పక్క ఊరు ఖర్చుపెట్టనీయనంటుంది. ఏడాదికి పైగా ముక్కు ముందు ఊగిన కటకాలు చేతిదాకా వచ్చి జారిపోతున్నాయి. ఆయన మెల్లగా సూక్ష్మదర్శిని అడుగున ఉన్న కటకం మరతిప్పి తీసి, సుబ్బక్క అరచేతిలో పెట్టాడు. "సూడు తల్లీ. దీని కన్ను ఇదే. ముప్పయ్యేండ్ల దుమ్ముకు పొర కమ్మింది. గొట్టం ఇదే ఉంటాది, మెడ ఇదే ఉంటాది. లండన్ నుంచి వచ్చేది ఈ కన్నొక్కటే."

సుబ్బక్క దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. గీతలే గీతలు. "సామికి కండ్లు పోయినాయా?" అని చేయి నోటికి అడ్డం పెట్టుకుంది. "ముందే చెప్పద్దా దొరా! చౌడమ్మకు ఎన్నిమార్లు వెండి కండ్లు చేపిచ్చి పెట్టినాము! కండ్లు బాగైనోళ్లందరూ ఇచ్చేది అవే కదా! సామికి కండ్లు చేపిద్దాం, దీనికింత పంచాయితీనా?" వెనక్కి తిరిగి అరిచింది: "లండన్ కండ్లంట! కొట్టండ్రా తప్పెట!"

కొట్టారు. దూరంగా గోడ వారన నిలబడ్డ సావుకారు పెద్ద ఈరన్నను కూడా ఆమె వదల్లేదు. "రాప్పా, దిగులు పడద్దు! నీళ్లు మీ తాతవే, గుడ్డ మాది. పుణ్యం చెరిసగం!"

సెక్రటరీ మాత్రం ఎర్రబడ్డాడు. "నేను లండన్‌కు వ్రాసెదను. మీ పదవి..."

"రాయండి బ్రదర్," అన్నాడు దొర, కటకం మళ్లీ బిగిస్తూ. "రాసే ముందు ఒక్కసారి ఇందులో సూడండి. ఆ చేతిలో గ్లాసు ఇట్లివ్వండి." ఒక్క బొట్టు తీసి గాజు మీద వేశాడు.

లాంగ్‌మోర్ దొర వంగాడు. మూటల మధ్య ముక్కు దూర్చాడు. చాలాసేపు లేవలేదు.

"ఇది... యే నీరు?"

"మీరు తాగిందే."

"నేను ఒక గ్లాసు త్రాగితిని!"

"రెండు," అన్నాడు జ్ఞానరాజు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు కదా!

"ఇప్పుడేమగును?"

"ఏమీ కాకపోవచ్చు," అన్నాడు చెంపగడ్డాల దొర ఊరటగా. "వచ్చే ఎండకాలం దాకా ఆగితే తెలుస్తాది."

సెక్రటరీ చూపు మెల్లగా కిందికి దిగి, జ్ఞానరాజు చీలమండ దగ్గర పుల్లకు చుట్టిన తెల్లటి పోగు మీద ఆగింది. ఆయన స్టూలు మీద కూర్చుండిపోయాడు. అటు ముడుపులు విప్పుతూ ఆడవాళ్లు పాటెత్తుకున్నారు. ఇటు ఆయన జ్ఞానరాజును దగ్గరకు రమ్మని సైగ చేసి, జేబులోంచి వెండి రూపాయి తీసి, ఎవరికీ వినపడకుండా అడిగాడు: "ఆ పసుపు గుడ్డ... యెచ్చట లభించును?"

సుబ్బక్క చెవులు పాము చెవులు. వెంటనే తడి ఆరని పసుపు గుడ్డ తెచ్చి జ్ఞానరాజు చేతిలో పెట్టింది. "నువ్వే కట్టప్పా. ఈ మద్రాసు దొరకు ముడేసేది రాదు."

జ్ఞానరాజు అలా నిలబడిపోయాడు. ముడి వేస్తే, ఊరంతటి ముందు ఏడాదికి పైగా దోసిళ్లతో తాగిన పట్టుదల నీళ్లపాలు. వేయకపోతే, సెక్రటరీ కలం తీస్తాడు, గదికి తాళం, కటకాలు లేవు, సందు సందునా మళ్లీ మూగబోయే మగ్గాలు. తన కాలు సలుపుతోంది. దొర అటు తిరిగి గాజు తుడుస్తున్నాడు, కానీ నల్లకోటు భుజాలు నవ్వుతో ఊగుతున్నాయి.

కటకాలైతే వచ్చాయి. చలికాలం మొదట్లో, పెట్టెలో గడ్డి మధ్య చుట్టుకుని. దొర మొదటి బొట్టులోనే, ఒంటికన్నుదాని కడుపులో ఉంగరంలా చుట్టుకున్న పిల్లపురుగును చూసి పెట్టిన కేక సందులన్నీ విన్నాయట. కాబట్టి ఆ రోజు గదిలో ఏదో ఒకటి జరిగే ఉంటుంది. జ్ఞానరాజే ముడి వేశాడని సుబ్బక్క అంటుంది. కళ్లు గట్టిగా మూసుకుని, ప్రార్థన చేస్తూ వేశాడని రత్నమణి అంటుంది. "నేను కట్టలేదు, గుడ్డ పట్టుకుంటి, అంతే. ముడి దానంతటదే పడింది," అని జ్ఞానరాజు చివరిదాకా అంటూనే ఉన్నాడు, కడవ మూతికి ఉత్తరీయం బిగించి కడుతూ!

ఇక మీ గ్లాసు మీరు తీసుకోవచ్చు. కానీ తాగే ముందు ఒక్కటి చెప్పండి: ఎదురుగా రూపాయి పట్టుకుని మద్రాసు దొర, వెనక తప్పెట్లు, చేతిలో తడి పసుపు గుడ్డ, జ్ఞానరాజు చోట మీరుంటే ఏం చేస్తారు?